ఏ చేతికి చేపుతుంది

“పొద్దున్నే ఎలాగూ పెరట్లో ఖాళీగా కూర్చుంటావుగా, ఆ టైములో పితికెయ్యొచ్చు,” అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఓ క్షణం ఎక్కువ ఆగింది, అంతే. మాడలేదు. ఇంత మాట విన్నాక కూడా నా చేతులు చొక్కాను మాడనివ్వవు, అదీ నా ఖర్మ.

సంగతేమిటంటే, మా అత్తయ్యకు ఈమధ్య ఏ పాలూ పడటం లేదు. తాగితే కడుపుబ్బరం, మానేస్తే నీరసం. మేకపాలు తాగించి చూడండి అన్నాడు డాక్టరు. దుకాణం నుంచి తెచ్చిన సీసా మూత తీయగానే అత్తయ్య ముక్కు మూసుకుంది. దాంతో ఇంట్లోనే ఒక మేకను పెంచాలన్న ఆలోచన మా ఆయనకు వచ్చింది. పెరడుంది, పాత సైకిళ్ళు పడేసిన రేకుల షెడ్డుంది, కంచె పొడవునా కావలసినంత ఆకు ఉంది. పితకడానికి నేనున్నాను. ఇంకేం కావాలి?

మేకంటే ఇష్టం లేక కాదు. నిజానికి ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు సెలవులన్నీ అమ్మమ్మగారింట్లో మేకల మధ్యే గడిపాను. అక్షరాల కంటే ముందే నాకు పితకడం వచ్చింది. పెళ్ళి మాటలప్పుడు మా అమ్మ నాకొచ్చిన పనులన్నీ ఏకరువు పెడుతూ, చివరికి ఇంకేం మిగలక, “మేకల్ని కూడా పితుకుతుంది వదినగారూ” అంది అత్తయ్యతో. అత్తయ్య నవ్వి ఊరుకుంది. అక్కడ మగవాళ్ళెవరూ లేరు కాబట్టి మా ఆయనకు ఈ సంగతి తెలియదు. నేను పితుకుతానని ఇప్పుడు ఆయన అంత ధీమాగా అనడానికి వేరే కారణమేమీ లేదు, నేను ఈ ఇంటి ఆడదాన్ని, అంతే.

నా బాధంతా ఆ అరగంట గురించి. ఇల్లు లేవకముందు కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుంటాను. ఏమీ చేయను. ఫోను చూడను, మొక్కలకు నీళ్ళు పోయను, మధ్యాహ్నం ఏం వండాలా అని ఆలోచించను. పిట్టల కూతలు వింటానని చెప్తే బాగుంటుంది గానీ, అవీ వినను. ఊరికే కూర్చుంటాను. అక్కణ్నుంచి లేచానంటే పిల్లల బాక్సులు, అత్తయ్య మందులు, గిన్నెలు, బస్సు, ల్యాబు, మళ్ళీ బస్సు, మళ్ళీ గిన్నెలు. ఆ అరగంటలో మాత్రం నేను ఎవరికీ ఏమీ కాను. దాన్ని ఖాళీ అంటారని ఆ రోజుదాకా నాకు తెలియదు.

ఈ ఇంట్లో పని మనిషికి ఎలా అంటుకుంటుందో నాకు బాగా తెలుసు. ఎవరూ గద్దించి చెప్పరు. మెచ్చుకుంటారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి చొక్కా ఇస్త్రీ చేసి పెడితే, “అబ్బ, నీ చేతిలో ఏముందోగాని, షాపువాడు కూడా ఇలా చేయలేడు” అన్నాడు. పొంగిపోయాను. చొక్కాలు నావైపోయాయి. మొరాయిస్తున్న నీళ్ళ మోటారును ఒకసారి గట్టిగా చరిస్తే తిరిగింది. “నీ మాటే వింటుందది” అన్నాడు. మోటారూ నాదే. ల్యాబులోనూ అంతే. నేను పరీక్షలకు రక్తం తీస్తాను. నరం దొరకని వాళ్ళందరినీ నా దగ్గరికే పంపుతారు. అది నా ఉద్యోగం, అందులో నాకు బోలెడు గర్వం. కానీ మీటింగు రోజున టీ ఫ్లాస్కు కూడా నా దగ్గరికే వస్తుంది. “మేడమ్ పోస్తే చుక్క ఒలకదు” అంటాడు మా మేనేజరు, నాలాగే చదువుకుని నాతోపాటే చేరిన మగవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునుండగా. ఒలికించడం నేర్చుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఫ్లాస్కు చేతిలోకి రాగానే నా చెయ్యి నా మాట వినదు.

మా ఆయన కారు డ్రైవింగు నేర్పుతాడు. మంచివాడు, ఓపికమంతుడు, గేరు మార్చడం రానివాళ్ళ మీద ఏనాడూ విసుక్కోడు. ఏ విషయమైనా మొదలంటా చదివితేగాని ఆయనకు నిద్ర పట్టదు. ఆ వారమంతా ఫోనులో మేకలే. “సానెన్ అంటే తెల్లగా, చెవులు నిక్కబొడుచుకుని ఉంటుంది. సాధువు, పాలెక్కువ. నూబియన్ అంటే చెవులు కిందికి వేలాడుతాయి. పాలు చిక్కన, నోరు పెద్ద. బోయర్ మనకొద్దు, అది మాంసానికి పెంచే జాతి,” అంటూ నేను గిన్నెలు తోముతుంటే పక్కనే నిలబడి చదివి వినిపించేవాడు.

“మేకను కొనడానికి వెళ్తున్నావా, దానికి పరీక్ష పెట్టడానికి వెళ్తున్నావా?” అంది అత్తయ్య.

సెలవు రోజున ముగ్గురం వెళ్ళాం. పాలు తాగేది తనే కాబట్టి మేకను తను కూడా చూడాలని అత్తయ్య పట్టుబట్టింది. ఊరి చివర రేకుల కప్పు కింద పొడవాటి దొడ్డి. రబ్బరు బూట్లు వేసుకున్న ఆవిడ ఒకతి ఎదురొచ్చింది. దొడ్డీ ఆవిడదే, మేకలూ ఆవిడవే. లోపల అడుగు పెట్టగానే ఎండుగడ్డి, మేకల వెచ్చటి వాసన గుప్పున తగిలి నాకు కళ్ళు చెమర్చాయి. ఓ పొట్టి నల్లమేక వచ్చి నా హ్యాండుబ్యాగు పట్టీ నమలడం మొదలుపెట్టింది. అది నమిలినంతసేపు నమలనిచ్చాను. ఇన్నేళ్ళలో నా బ్యాగు మీద అంత ఆసక్తి చూపించినవాళ్ళు లేరు.

ఆవిడ ముందుగా ఒక తెల్లమేకను తెచ్చి నిలబెట్టింది. బొమ్మలా నిలబడింది.

“దీనికి నోట్లో నాలుక లేదండీ. ఎవరు కూర్చున్నా ఇస్తుంది. పొద్దున ఆలస్యమైనా ఓర్చుకుంటుంది, కిక్కురుమనదు. మా పనివాళ్ళు ఎవరికి తీరితే వాళ్ళు పితికేస్తారు.”

“ఇదే కావాలి మనకు!” అన్నాడు మా ఆయన. అత్తయ్య కూడా తలూపింది.

నేను దాని మొహంలోకి చూశాను. మంచి మేక. బంగారం లాంటి మేక. ఎవరికి తీరితే వాళ్ళు అంటే మా ఇంట్లో ఎవరో నాకు తెలుసు. మొదటి వారం సరదాకి ఆయన, రెండో వారం ‘ఇవాళ ఒక్కరోజు నువ్వు’, ఆ తర్వాత నా అరగంట, నా మెట్లు, నా కాఫీ అన్నీ ఆ పొదుగు కిందికి వెళ్ళిపోతాయి. అది కిక్కురుమనదు. నేనూ కిక్కురుమనను. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటూ ముసలివాళ్ళమైపోతాం.

అప్పుడే దొడ్డి ఆ చివరి నుంచి ఒక అరుపు వినిపించింది. మేక అరుపులా లేదు. మైకు పెట్టి ఎవరినో తిడుతున్నట్టుంది.

“అదేంటి?” అన్నాను.

“అదా? దాని జోలికి పోకండమ్మా. పొడుగుచెవులది. తొలిచూలు ఈనింది. ఇన్నాళ్ళూ పిల్లలే తాగాయి, ఇవాళే మాన్పించాం. దాని మీద ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. దీని తల్లిని నేనే పితుకుతాను. ఆ తల్లీ అంతే, ఏ చేతికి ముందు అలవాటైతే ఆ చేతికే పాలు చేపుతుంది. రెండోవాళ్ళు ముట్టుకుంటే బిగబట్టుకుంటుంది, బకెట్టు తన్నేస్తుంది. వేళకు రాకపోతే వీధి వీధంతా లేపుతుంది. దాని మూలంగా నేను మా చెల్లెలి పెళ్ళికి కూడా వెళ్ళలేకపోయాను.”

నా గుండె దడదడలాడింది. సంతోషంతో.

“నాకు ఇదే నచ్చింది,” అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నాకు ఫలానాది నచ్చిందని నేను గట్టిగా అనడం మా ఆయన ఎప్పుడు విన్నాడో మరి, కాస్త కంగారుపడ్డాడు.

“అరుస్తోంది కదే!”

“పాలు చిక్కన అని మీరే చెప్పారుగా. పొదుగు చూడండి, రెండు పక్కలా ఎంత సమంగా ఉందో. కాళ్ళు చూడండి, ఎంత తీరుగా ఉన్నాయో.”

“నీకు ఇవన్నీ ఎలా తెలుసు?”

“వారం నుంచి చెవిలో పోరుతూనే ఉన్నారుగా, ఆమాత్రం ఎక్కదా?”

గురువుగారు మురిసిపోయారు. దగ్గరికెళ్ళి దాని వేలాడే చెవులు నిమిరాడు. అది ఆయన వేళ్ళు వాసన చూసి, తుమ్మి, ఒక్క క్షణం అరుపు ఆపింది. ఆ ఒక్క క్షణంతో ఆయన పడిపోయాడు.

“సరే, మీ ఇష్టం,” అంది దొడ్డి ఆవిడ. “కానీ ఇంట్లో పితికేది ఎవరో వాళ్ళే ఇప్పుడు మొదటి చెయ్యి వేయాలి. తర్వాత మార్చుకుంటానంటే కుదరదు.”

ఒక చిన్న పీట, బకెట్టు తెచ్చి పెట్టింది. మా ఆయన చాలా మామూలుగా నా వైపు తిరిగి, “రా, చేతులు కడుక్కో,” అన్నాడు.

నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఒట్టు, ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఆ వెచ్చటి పొట్టకు నుదురు ఆనించి కూర్చుని, మొదటి ధార బకెట్టు అడుగున పడే చప్పుడు వినాలని చిన్నపిల్లలా అనిపించింది. కూర్చుంటే బాగా పితుకుతాను. ‘అబ్బ, నీ చేతిలో ఏముందోగాని’ అంటాడు. అది చాలు, జన్మంతా.

“నాకు రాదు,” అన్నాను.

రెండే ముక్కలు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి. అన్న వెంటనే నా కళ్ళు అత్తయ్య మీద పడ్డాయి. ఆవిడకు తెలుసు. మా అమ్మ పక్కన కూర్చుని చెప్పిన మాట ఆవిడ మరిచిపోయే రకం కాదు, పోయినేడాది కూరలో ఉప్పు ఏ రోజు ఎక్కువైందో కూడా చెప్పగలదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నోరు తెరిచింది. అయిపోయింది నా పని, అనుకున్నాను.

“దానికి రాదురా. నువ్వే కూర్చో,” అంది.

“నేనా?”

“కడుపు నాది, కొడుకువి నువ్వు. ఇంకెవరు కూర్చుంటారు?”

ఆయన ప్యాంటు అంచులు పైకి మడుచుకుని పీట మీద కూర్చున్నాడు. బొటనవేలు, చూపుడువేలితో పైన బిగించి మిగతా వేళ్ళు ఒకదాని వెంట ఒకటి ముడవాలని, లాగకూడదని ఆవిడ చూపించింది. “క్లచ్ వదిలినట్టు, మెల్లగా” అని తనకు తనే చెప్పుకున్నాడు. మొదటి ధార ఆవిడ బూటులో పడింది. రెండోది అత్తయ్య చీర మీద. మూడోది బకెట్టులో ఖంగుమంది. ఆయన తలెత్తి మా వైపు చూశాడు. పరీక్ష పాసైన పిల్లాడి మొహం. పొడుగుచెవులది నెమరు వేస్తూ నిలబడిపోయింది. నాకు ఆ క్షణంలో మా ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందంటే, వెళ్ళి ముద్దు పెట్టుకునేదాన్నే, అత్తయ్య లేకపోతే.

అలా అది మా ఇంటికి వచ్చింది. తెల్లవారుతుండగా ఒక అరుపు, ఆయన దుప్పటి తన్ని లేచి పరుగు. మొదటి రోజుల్లో సణిగాడు. తర్వాత దానితో కబుర్లు మొదలుపెట్టాడు. నాకు చెప్పని సంగతులు కూడా దానికి చెప్తాడు, మెట్ల మీద కూర్చుంటే నాకు అన్నీ వినిపిస్తాయి. సాయంత్రం కూడా పితకాలి కాబట్టి ఆ వేళ క్లాసులు ముందుకు జరిపాడు. స్నేహితులు ఎక్కడికైనా పిలిస్తే, “కుదరదురా, ఇంటికెళ్ళాలి, పనుంది” అంటాడు. ఆ మాట మా ఇంట్లో ఇంతకుముందు నేనొక్కదాన్నే అనేదాన్ని. పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా చూసి, “మహారాణీ, నువ్వు కాఫీ తాగుతుంటే మీ ఆయన పాలు పితుకుతున్నాడే!” అంది. “అవునండీ, ఆయన చేతికి తప్ప చేపదు,” అన్నాను. చక్కెర కాస్త ఎక్కువేసుకుని తాగాను ఆ రోజు.

అత్తయ్య కడుపు కుదుటపడింది. పాలు బాగా పడ్డాయి. మొన్న పొద్దున ఆవిడ పెరట్లోకొచ్చి, ఎప్పుడూ లేనిది, నా పక్కన మెట్ల మీద కూర్చుంది. ఒక చేతిలో పాలగ్లాసు, ఇంకో చేతిలో కొడుకు చొక్కా. మేక రెండు గుండీలు కొరికి మింగేసింది. ఆయన షెడ్డులో దాన్ని కూకలేస్తున్నాడు, ముద్దుగా.

ఉండబట్టలేక అడిగేశాను. “అత్తయ్యా, నాకు పితకడం వచ్చని మీకు తెలుసుగా. ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

ఆవిడ పాలు ఒక గుక్క తాగింది. షెడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“నాకు కుట్టడం రాదని కదా ఈ ఇంట్లో అందరూ అనుకునేది?”

అనుకోవడమేమిటి! ఈ ఇంట్లో దిండు గలీబుల దగ్గర్నుంచి పిల్లల యూనిఫాముల దాకా, ఊడిన ప్రతి గుండీ, విడిపోయిన ప్రతి అంచూ నేనే కుట్టాను. అత్తయ్యకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే చెప్పారు.

“మా పుట్టింట్లో మిషన్ మీద ఊరందరికీ గౌన్లు కుట్టేదాన్నే,” అంది అత్తయ్య. “ఇక్కడికొచ్చేసరికి చిరిగిన బట్టలన్నీ మూట కట్టి పెట్టారు, మీ మామయ్యవీ, మరుదులవీ. రాదన్నాను. ఆయన పోయేదాకా నమ్మాడు.”

నాకు మొదట ఒళ్ళు మండింది. “మరి అదంతా నా నెత్తిన పడిందిగా అత్తయ్యా!”

“పడింది. అది నేను ఆలోచించలేదు. ఆ రోజు దొడ్డిలో నువ్వు రాదు అన్నప్పుడు అనుకున్నా. నాది నీ మీద పడింది, నీది వాడి మీద పడింది. నాకంటే నువ్వే నయం.”

ఏం చెప్పను? కోపం ఎటు పోయిందో పోయింది, నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడకూ వచ్చింది. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని, ఒకరి భుజం మీద ఒకరం పడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. షెడ్డులోంచి, “ఏంటా నవ్వులు, నాకూ చెప్పొచ్చుగా!” అని ఆయన అరిచాడు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుని చొక్కా ఒళ్ళో పరుచుకుంది. “సూదీ దారం తే అమ్మాయ్. దీని గుండీలు నేను కుడతాను.”

నేను చొక్కా ఆవిడ చేతిలోంచి మెల్లగా తీసుకుని, మడత పెట్టి, ఆయన వచ్చే దారిలో మెట్టు మీద పెట్టాను.

“వద్దత్తయ్యా. మీకు రాదు,” అన్నాను. “ఇవాళ్టి నుంచి నాకూ రాదు.”