మేస్త్రీ బాబాయ్ ఇచ్చిన మూడు సంచులు

నాకు ముక్కు మీదే కోపమని మా బ్లడ్ బ్యాంకులో అందరూ అంటారు. అనరూ మరి! తాగొచ్చి రక్తమిస్తానన్నవాణ్ణి, జ్వరం దాచిపెట్టి వచ్చినవాణ్ణి, నిన్ననే పన్ను పీకించుకుని నోట్లో దూదితో వచ్చినవాణ్ణి ఇన్నేళ్లుగా గుమ్మంలోంచే తిప్పి పంపిస్తున్నాను. సూది గుచ్చేది నేనే, అంతకుముందు ఫారం చేతబట్టి ప్రశ్నలడిగేదీ నేనే. కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం నా ఉద్యోగం. ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆ కుండ నా చేతిలోనే ఉండిపోయింది.

ఆయన లారీల గ్యారేజీలో మేస్త్రీ. నాకు చుట్టమేమీ కాదు, అయినా మా అందరికీ బాబాయే. మూడు నెలలకోసారి, గోళ్లలో గ్రీజుతో వచ్చి, మంచమెక్కి చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు. "నీ చెయ్యి తేలికమ్మాయ్, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అనేవాడు. అలా నలభై ఆరుసార్లు ఇచ్చాడు. తర్వాత మెడ పక్కన గడ్డ లేచింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. ఆరు నెలలు మందులెక్కించారు, జుట్టంతా ఊడింది, మధ్యలో రక్తం తగ్గితే మా దగ్గర్నుంచే సంచులు వెళ్లాయి. మొత్తానికి బతికి బయటపడ్డాడు.

రెండేళ్లకు ఒకరోజు పొద్దున్నే ఊడిపడ్డాడు.

"అమ్మాయ్, మూలనపడ్డ బండి మళ్లీ రోడ్డెక్కింది. తియ్యి నలభై ఏడోది!"

మా దగ్గర నియమం స్పష్టంగానే ఉంది. కొన్ని క్యాన్సర్లయితే, నయమై కొన్నేళ్లు గడిచాక, డాక్టరు చూసి సరేనంటే తీసుకోవచ్చు. రక్తానికీ, లింఫ్ గ్రంథులకూ వచ్చినవాళ్లు మాత్రం జన్మలో ఇవ్వకూడదు. తీసుకునేవాళ్ల క్షేమం ఒకటి, ఇచ్చేవాళ్ల ఒంటి క్షేమం ఇంకొకటి. ఈ మాట ఇంకెవరికైనా అరనిమిషంలో చెప్పి పంపేసేదాన్ని. కానీ బాబాయ్ అప్పటికే చెప్పులు విడిచి మంచమెక్కేశాడు. చొక్కా చెయ్యి మడిస్తే మునుపటి చేతిలో సగం కూడా లేదు. అయినా పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. "మళ్లీ కొత్తగా మొదలెడుతున్నావు కదా బాబాయ్, ఈసారికి సగమే తీస్తాను" అని సగం సంచి తీశాను. బిస్కెట్లిచ్చి పంపాను. ఆయన వీధి మలుపు తిరిగాక, రిజిస్టరులో ఎక్కించకుండానే ఆ సంచిని పారేసే వాటిలో పడేశాను.

నాలుగో రోజున ఫోను చేశాడు. "ఎవరికెక్కించారమ్మాయ్?"

"ఒక బాలింతకి బాబాయ్. తల్లీ బిడ్డా క్షేమం."

అబద్ధం అంత నున్నగా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత ఇంకో మూడు నెలలకూ వచ్చాడు. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూనే రెండుసార్లూ తీశాను, రెండుసార్లూ పారేశాను. మనిషి హుషారుగా ఉన్నాడు, అంతకంటే ఏం కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేకుండా పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

నాలుగోసారి రావలసిన వారంలో ఆయన రాలేదు. పై అంతస్తు వార్డు నుంచి ఆయన పేరు మీద రెండు సంచులు కావాలని చీటీ వచ్చింది. సంచులు నేనే పట్టుకుని మెట్లెక్కాను.

వార్డు బయట బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"ఏమైంది పిన్నీ?"

"తిరగబెట్టిందమ్మా. కడుపులోకంతా పాకిందంట. ఆర్నెల్లకోసారి స్కాన్ చేయించుకోమన్నారు, రెండుసార్లూ ఎగ్గొట్టాడు. ఎంత పోరుపెట్టినా వింటేనా! 'నాలో జబ్బుంటే ఆ అమ్మాయి రక్తం తీసుకుంటుందా? తాగొచ్చినోణ్ణే గుమ్మం తొక్కనివ్వదు. అంతకంటే పెద్ద స్కానేముంది?' అని నా నోరు మూయించేవాడు."

నా కోపం మీద ఆయనకు అంత నమ్మకం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ నమ్మకాన్నే నేను మూడుసార్లు చెత్తలో వేశాను.

లోపల బాబాయ్ నన్ను చూసి నవ్వలేదు. చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీకోసమే చూస్తున్నానమ్మాయ్. ఆ బాలింతకేం కాలేదు కదా? ఇది లోపల పెట్టుకునే ఇచ్చానేమో మూడుసార్లూ! ఆ తల్లికీ, తర్వాత ఎక్కించినవాళ్లకీ కబురు పెట్టు. పరీక్షలు చేయించుకోమను. నాకు కన్ను మూతపడట్లేదు."

"బాలింత లేదు బాబాయ్" అన్నాను. "బిడ్డా లేదు. నీకొచ్చిన జబ్బుకి ఎప్పటికీ రక్తం ఇవ్వకూడదు. ఆ మాట నీ మొహం చూసి చెప్పలేకపోయాను. మూడు సంచులూ పారేశాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్లు మూసుకుని, గుండెల మీద చెయ్యేసుకుని, "అమ్మయ్య" అన్నాడు. "అయితే ఎవరికీ ఏం కాలేదు." ఆయన మొహం తేటపడింది.

నర్సు వచ్చి సంచి తగిలించింది. చుక్కలు పడడం మొదలయ్యాక ఆయన మళ్లీ కళ్లు తెరిచాడు. గొంతులో కోపం లేదు. బండి ఎక్కడ చెడిందో కనిపెట్టినప్పటి గొంతు అది.

"ఆ మొదటిరోజే నన్ను గెంటేసి ఉంటే, స్కానుకి వెళ్లేవాణ్ణి కదమ్మాయ్."