కర్నలు భార్యను తిట్టినవాళ్ళు

బైండరు పొద్దున్నే షాపు తెరిచి మొదట చేసే పని జిగురు కాచడం. స్టవ్వు మీద మైదా జిగురు ఉడుకుతుండగా దారానికి మైనం పట్టిస్తాడు, ప్రెస్సు మర వదులు చేసి నిన్న బిగించిన పుస్తకాలు బయటికి తీస్తాడు. ఎవరైనా వచ్చి పలకరిస్తే తలూపుతాడు. అంతకుమించి మాట రాదు. మాట పడడమే తప్ప అనడం చేతకాని మనిషని వీధంతా చెప్పుకుంటారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో అతను ఎన్నడూ అడగలేదు.

ఆ గురువారం లైబ్రరీ నుంచి రష్యా నవల మళ్ళీ వచ్చింది. ఏడోసారి. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చి బల్ల మీద దించి, నడుములు పట్టుకుని నిలబడ్డారు. పుస్తకం వీపు నిలువునా చీలింది. దారాలు తెగి వేలాడుతున్నాయి. వెనకే వచ్చిన లైబ్రేరియన్ మేడమ్ మొహం చిటపటలాడుతోంది.

"పోయినసారి నువ్వు కట్టినప్పుడు పదకొండు వందల పేజీలు కదయ్యా? ఇప్పుడు పధ్నాలుగు వందలు దాటింది. దీని బరువుకి రెండు అరలు వంగిపోయాయి," అంది.

బైండరు తలూపాడు.

ఆ నవల సంగతి లైబ్రరీకి వచ్చేవాళ్ళందరికీ తెలిసిందే. తిడితే పెరుగుతుంది. కాగితం మీద రాసి తిట్టినా, ఎదురుగా నిలబడి నోటితో తిట్టినా, తిట్టు గట్టిదైతే ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, లోపల చేరతాయి. అదే అచ్చు, అదే పసుపు పట్టిన కాగితం. కొన్ని ఇళ్ళల్లో గోడలు చెమ్మ పీల్చినట్టు ఈ పుస్తకం తిట్లు పీలుస్తుందని లైబ్రరీ వాళ్ళు సర్దుకుపోయారు. తిట్టకుండా చదవండని ఒకసారి బోర్డు పెట్టి చూశారు. చదివినవాడెవడూ ఆగలేకపోయాడు.

లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల అభిప్రాయాల కాగితం ఒకటి అంటిస్తారు. ఈ నవలకి పదహారు కాగితాలు, ఒకదాని మీద ఒకటి. రిటైరైన పోస్టుమాస్టరు రాశాడు: "ఒక్కొక్కడికి మూడేసి పేర్లు. ఉత్తరం వస్తే ఎవడికివ్వాలి?" కాన్పుల ఆసుపత్రి నర్సు రాసింది: "పనీపాటా లేనివాళ్ళ బాధలు. ఒక్కరోజు నా వార్డులో డ్యూటీ చేయిస్తే ప్రేమా గీమా దిగిపోతుంది." టైలరు రాశాడు: "డాన్సుకి నలభై పేజీలు తగలేశాడు. ఆవిడ గౌను ఎవరు కుట్టారో ఒక్క ముక్క లేదు." కానీ అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది కథానాయిక. కర్నలు భార్య. మొగుణ్ణి వదిలి పియానో బాగుచేసేవాడితో వెళ్ళిపోతుంది. వాడూ నాలుగు రోజులకి మొహం చాటేస్తాడు. ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోదు. లెక్కల టీచరు ఎర్ర ఇంకుతో రాశాడు: "మొగుడు తాగడు, కొట్టడు, ఇల్లుంది, జీతముంది. ఇంకేం కావాలట మహారాణికి?" ఈ ఒక్క మాటా కొద్దిపాటి తేడాలతో ఇరవైమూడు చోట్ల ఉంది.

చివరి ఫారంలో ఆవిడ, మంచు కరిగే రోజుల్లో, గడ్డకట్టి పగుళ్ళిచ్చిన నది మీదికి ఒంటరిగా నడిచి వెళ్తుంది. మంచి శాస్తి జరిగిందని పదిమంది రాశారు. విప్పి కుట్టేవాడు కాబట్టి బైండరుకి ఒక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. కొత్త పేజీలు ఎప్పుడూ ఆ నదికి ముందే చేరతాయి. వీళ్ళు తిట్టినకొద్దీ ఆవిడ నది దగ్గరికి చేరడం ఆలస్యమవుతోంది.

అయినా బైండరుకీ ఆ పుస్తకమంటే ఒళ్ళుమంట. ఏడుసార్లు వేళ్ళు పొడిపించుకున్నవాడికి ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది?

దాన్ని ప్రేమగా చదివిన మనిషి అతని చెల్లెలొక్కతే. నాలుగు నెలల కిందట ఒక సంచీతో వచ్చి షాపు వెనక గదిలో ఉంటోంది. అన్న విప్పి పెట్టిన ఫారాలు ఒక్కొక్కటే తీసుకుని, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని చదివేది. చదివినవి వరస తప్పకుండా పేర్చి, సూది తీసుకుని తనే కుట్టేది. ఆమె కుట్టు అన్న కుట్టు కంటే బిగువుగా ఉంటుంది. ఆ మాట చెప్పాలని అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఆమె భర్త డ్రైవింగ్ మాస్టారు. నేర్చుకునేవాళ్ళ చేతిలో స్టీరింగు ఉన్నా, బ్రేకు మాత్రం తన కాలి కిందే ఉండాలి. ఇంట్లోనూ అంతే. ఆమె నోరు విప్పితే రేడియో సౌండు పెంచేవాడు. ఎనిమిదేళ్ళు పెంచాడు. ఒకరోజు జ్వరంగా ఉందని చెప్పబోతే కూడా పెంచాడట.

ఆ నెలాఖరు ఆదివారం మాస్టారు కారేసుకుని వచ్చి, జిగురు అంటుకోని కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"బావగారూ, నేను చేసిన తప్పేమిటో మీరే చెప్పండి. తాగుతానా? కొడతానా?"

"మాట్లాడితే వినరు," అంది చెల్లెలు.

"వార్తలు వినడం కూడా తప్పేనా బావగారూ?" అన్నాడతను. ఆమె వైపు చూడనైనా లేదు.

బైండరు దారానికి మైనం రాస్తూ ఉండిపోయాడు. ఎనిమిదేళ్ళ కిందట ఈ సంబంధం తెచ్చింది తనే.

"కొంచెం గడువివ్వండి," అంది ఆమె. "ఈ పుస్తకం పూర్తి కానివ్వండి."

మాస్టారు నవ్వాడు. "దీనికోసమా! సరే. పూర్తయిన రోజు బండెక్కాలి. మీరు మాటివ్వండి బావగారూ, మీ మాట మీద నాకు నమ్మకముంది."

ఇవ్వకూడదని బైండరుకి తెలుసు. తెలిసీ తలూపాడు. చెల్లెలు ఆ తల వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ ఫారంలోకి వంగింది. ఆ చూపుకి అతనికి రెండు రోజులు అన్నం సయించలేదు.

అప్పటికి ఇరవై ఫారాలు మిగిలాయి. ఇంకెంతుందో చూసిపోదామని మాస్టారు రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టాడు. వచ్చినవాడు ఊరుకోక నాలుగు పేజీలు తిరగేసేవాడు. తిరగేశాక నోరు ఊరుకోదు.

"సిగ్గూ శరం లేని మనిషి! కర్నలుగారి పరువు గంగలో కలిపింది! అలాంటిదానికి ఇంత లావు పుస్తకమా?"

బల్ల మీద కట్ట చిన్నగా కదిలి, ఒక ఫారం ఎత్తు పెరిగేది. అతని చూపు గుమ్మం బయట కారు మీద ఉండేది. వారం గడిచేసరికి ఇరవై కాస్తా ఇరవై ఆరయ్యాయి. చెల్లెలు చదువుతూనే ఉంది, మిగిలినవి తరగడం లేదు. ఆ వారంలో ఆమె మొహంలోకి కాస్త రంగు వచ్చింది. ఒకసారి కూనిరాగం తీస్తుంటే విని బైండరు సూది ఆపేశాడు. చిన్నప్పటి తరవాత మళ్ళీ ఇప్పుడే.

అసలు సంగతి మాస్టారికి చెప్పింది లైబ్రేరియన్ మేడమ్. "పెంచుతున్నది మీరే కదండీ," అంది అతి మామూలుగా.

అతను మూర్ఖుడేమీ కాదు. ఆ పూట నుంచే నోటికి తాళం వేశాడు. అంతటితో ఆగలేదు. పోస్టుమాస్టరు ఇంటికి వెళ్ళాడు, నర్సును ఆసుపత్రి గేటు దగ్గర పట్టుకున్నాడు, టైలరు షాపులో గంటసేపు కూర్చున్నాడు. సంసారం నిలబడాలంటే దయచేసి ఆ నవలను తిట్టకండని చేతులు పట్టుకున్నాడు. పరాయివాళ్ళ సంసారం నిలబెట్టడమంటే ఎవరికి చేదు? అందరూ నోళ్ళు కట్టుకున్నారు. లెక్కల టీచరైతే షాపు ముందు ఆగి, "అద్భుతమైన నవల," అని పళ్ళు బిగించి మరీ చెప్పి వెళ్ళాడు.

పుస్తకం పెరగడం ఆగిపోయింది.

పది ఫారాలు. ఆరు. మూడు. చెల్లెలు మెల్లగా చదవడం మొదలుపెట్టింది. చదివిన పేజీనే మళ్ళీ చదివేది. కూనిరాగం ఎక్కడికి పోయిందో పోయింది. ఒకరోజు కుడుతూ, తల ఎత్తకుండానే, "పోనీలే అన్నయ్యా, నువ్వేం చేస్తావు," అంది. ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది అతనికి.

ఆఖరి ఆదివారం పదకొండింటికి మాస్టారు వచ్చాడు. గుమ్మానికి ఎదురుగా కారు ఆపాడు. ఇంజను ఆపలేదు. పొగ షాపులోకి వస్తోంది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, ఇంటి తాళాల గుత్తి ఆడిస్తూ, "ఎన్ని పేజీలు?" అన్నాడు.

"రెండు," అంది చెల్లెలు. సంచీ ఆమె కాళ్ళ దగ్గర సర్ది ఉంది. చేతిలో చివరి ఫారం ఉంది. కర్నలు భార్య ఒడ్డు దిగి మంచు మీద మొదటి అడుగు వేసింది.

బైండరు కుడుతున్నది ఆపాడు. పంపను అని ఒక్క మాట అంటే సరిపోతుంది. నాలుక కదిలితేగా? నలభై ఆరేళ్ళుగా వాడని వస్తువు అవసరానికి పనిచేస్తుందా? మాటిచ్చాడు కూడాను. అతను సూది బల్లకి గుచ్చి లేచి నిలబడ్డాడు. చెల్లెలి వైపు కాదు, బావగారి వైపు కాదు, ఆమె చేతిలోని ఫారం వైపు చూశాడు.

"నీకు బుద్ధుందా?" అన్నాడు.

గొంతు తనదనిపించలేదు. చెల్లెలు ఉలిక్కిపడి తలెత్తింది.

"నిన్ను కాదమ్మా. ఆ కర్నలు పెళ్ళాన్ని! ఏమే, బుద్ధి గడ్డి తిన్నదా? పగుళ్ళిచ్చిన నది మీద ఏం పనే నీకు? ఎవడో తలుపేశాడని చావడానికి పోతావా? మతి లేనిదానా!"

ఫారం ఆమె చేతుల్లో కాస్త బరువెక్కింది.

"బావగారూ!" అన్నాడు మాస్టారు. "ఏమిటిది? ఆపండి."

బైండరు ఆపలేదు. ఆపడం ఎలాగో అతనికి తెలియదు, మొదలుపెట్టడమే ఇది మొదటిసారి.

"నీకో అన్న ఉన్నాడు కదే! నాలుగో అధ్యాయంలో కనిపించి మళ్ళీ కనపడకుండా పోయాడే, ఆ చవట! ఆ దద్దమ్మ! నోట్లో నాలుక లేని సన్నాసి! వాడి ఇంటికి పోయి తలుపు బద్దలు కొట్టలేకపోయావా? వాడి చొక్కా పట్టుకుని, నన్ను ఆ ఇంటికిచ్చింది నువ్వే కదరా అని అడగలేకపోయావా? అంత మంచితనం ఎవడు నేర్పాడే నీకు? నోరు మూసుకుని పోతావేం? కేకలెయ్యి! తిట్టు! వెనక్కి రా!"

కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, గొంతు చిరిగిపోతోంది, అయినా తిడుతూనే ఉన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. ఎదుటి మేడ మీద కిటికీలు తెరుచుకున్నాయి. చెల్లెలి ఒడిలో కాగితాలు పొంగి, మోకాళ్ళ మీద నుంచి జారి నేల మీదికి పరుచుకుంటున్నాయి. ఆమె వాటిలో పైదాన్ని అందుకుంది. ఎప్పుడూ లోపలే చదువుకునే మనిషి, ఈసారి పైకి చదివింది.

"నది మధ్యకి చేరేసరికి ఒడ్డు మీద ఎవరో అరుస్తున్నట్టు వినిపించింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చిన ఒక మనిషి, చేతులు ఊపుతూ, నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఆమెను అంత ప్రేమగా ఎవరూ ఎన్నడూ తిట్టలేదు. ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది."

చెల్లెలు పేజీ తిప్పి చూసింది. వెనక ఇంకా పేజీలున్నాయి. వాటి వెనక ఇంకా.

మాస్టారు వాచీ చూసుకుని, "ఇంకెంత?" అన్నాడు విసుగ్గా, అలవాటు కొద్దీ బైండరునే.

బైండరు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గానీ మాట స్పష్టంగానే వచ్చింది.

"మా చెల్లెల్నే అడగండి బావగారూ. అది చెప్తే వినండి. వినడం చేతకాకపోతే బండి తీసుకుని బయల్దేరండి."