డిశ్చార్జి అయిన కుడికాలు

మధ్యాహ్నం మూడున్నరకి నా కుడికాలు నాకంటే ముందు డిశ్చార్జి అవుతోంది. తుంటి విరిగి ఆపరేషనై ఇది తొమ్మిదో రోజు. కాలు మంచం దిగి, దుప్పటి సర్ది, వార్డు బయటకు నడుస్తోంది. నొప్పి లేదు, రక్తం లేదు. నైటీ కింద ఒక వైపు ఖాళీగా ఉంది, అంతే.

తప్పెక్కడుందో వెంటనే తెలుస్తుంది. చేరిన రోజు నా రెండు చేతులకూ సూదులున్నాయి. అందుకని సిస్టర్ ఎస్తేరు నా పేరు పట్టీని కుడికాలి మడమ పైన కట్టింది. వరహాలమ్మ, డెబ్భై రెండేళ్లు, పదకొండో మంచం. ఎముకల డాక్టరు, ముసలివాళ్ల డాక్టరు, ఎస్తేరు, ఫిజియో గౌరీశ్వరి, తిండి సంగతి చూసే ఆమె రోజూ ఉదయం నా మంచం చుట్టూ చేరి ఒకే ఫైలులో రాస్తారు. ఐదుగురూ పట్టీ చూసే సంతకం పెట్టారు. కాబట్టి పేషెంటు కాలే.

"మరి నానెవర్ని?" అని అడుగుతున్నాను.

ఐదుగురి మధ్యా కబుర్లు చేరవేసే కోఆర్డినేటర్ పాపినాయుడు ఫైలు తిరగేస్తున్నాడు.

"నువ్వు అటెండెంటువి పిన్నీ. నాలుగ్గంటలకి అటెండెంట్లు ఎల్లిపోవాల."

"ఒంటికాలితో ఏటి ఎల్తాను?"

"కాలు డిశ్చార్జీ అయ్యిందిగా. మెట్లు దిగిపోయిందంటే ఇంక మా చేతిలో లేదు."

కాలు నేరుగా నా ఇడ్లీ బండి దగ్గరకు వెళ్తుంది. నాకు తెలుసు. ముప్పయ్యేళ్లుగా అక్కడ నిలబడింది అదే. రేపు తెల్లారి అది నిలబడితే చాలు, జనం ప్లేట్లు పట్టుకుని వచ్చేస్తారు. నేనేమయ్యానని ఎవరూ అడగరు.

వాకరు అందుకుని గెంతుతున్నాను. వరండా పొడుగవుతోంది. గెంతుకి రెండు గదుల చొప్పున కొత్తవి పుడుతున్నాయి. వాటిలో పేషెంట్లు అప్పటికే చారన్నం తింటున్నారు. ఎందుకో నవ్వొస్తోంది.

"నిన్న బాత్రూముకి నడవమంటే నా వల్ల కాదన్నావు గదే మామ్మా," అంటూ ఎస్తేరు వెనకే పరుగెత్తుకొస్తోంది.

మిగతా నలుగురూ వస్తున్నారు. నైటీ ఖాళీగా ఉన్న వైపు చేరి, ఒకరి మీద ఒకరు ఎక్కి, నా కుడికాలు అవుతున్నారు. పైన ఎముకల డాక్టరు తుంటి. గౌరీశ్వరి మోకాలు. అట్టడుగున ఎస్తేరు పాదం. మొదట ఎవరి అడుగు వాళ్లు వేస్తారు, నేను వెళ్లి గోడకి తగులుతాను. ముసలివాళ్ల డాక్టరు నెమ్మది నెమ్మదంటాడు, ఎముకల డాక్టరు పద పదమంటాడు. పాపినాయుడు ఫైలు అట్ట మీద వేళ్లతో తాళం కొట్టడం మొదలుపెడతాడు. ఐదుగురూ కలిసి ఒక్క అడుగు వేస్తారు. మరొకటి. వరండా మాతో పోటీపడి అలిసిపోతుంది. కొత్త గదులు తలుపులు లేకుండానే పుడుతున్నాయి, తర్వాత పుట్టడం మానేస్తాయి.

నాలుగు కావడానికి ఇంకా రెండు నిమిషాలు. వరండా చివర కాలు మొదటి మెట్టు దిగింది. అక్కడే ఆగిపోయింది.

మోకాలి దగ్గర నుంచి గౌరీశ్వరి నవ్వు వినిపిస్తోంది.

"నేను నేర్పిందే మామ్మా. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, మంచికాలు తర్వాత. మంచికాలు వచ్చి పక్కన ఆనితే గాని అది రెండో మెట్టు దిగదు."

మంచికాలు నా దగ్గరుంది.

మెట్ల పక్క కడ్డీ పట్టుకుని నా ఎడమపాదాన్ని దాని పక్కన పెడతాను. తుంటిలోకి నా కాలి బరువు వచ్చి కూర్చుంటుంది. ఐదుగురూ దులుపుకుని లేస్తారు. ఎస్తేరు పట్టీ విప్పి నా మణికట్టుకు కడుతుంది. పాపినాయుడు ఫైలులో అటెండెంటు అన్నది కొట్టేసి, నా వైపు చూసి, పేషెంటని రాస్తాడు. గడియారం నాలుగు కొడుతోంది.

నేను దిగుతున్నాను. కుడి, ఎడమ. కుడి, ఎడమ. రోడ్డు మీద ఎండ పచ్చగా ఉంది.

వెనక ఇనుము సాగిన చప్పుడు. ఆసుపత్రి లేచి నిలబడుతోంది. మూడంతస్తులూ పునాదుల మట్టి రాలుస్తూ, కిటికీల నిండా మనుషులతో, ముందు ఒక మూలను జాగ్రత్తగా రోడ్డు మీద ఆనిస్తుంది. తర్వాత, గౌరీశ్వరి నేర్పినట్టే, రెండో మూలను దాని పక్కకు తెస్తుంది. బస్సులు ఆగి దారి ఇస్తున్నాయి. నేను వేగం పెంచుతున్నాను. అది కూడా పెంచుతోంది.