కొరికిన జంపఖానా

మట్టెవాడ నుంచి భద్రాచలం దాకా ప్రశాంత్ అంత ఈతగాడు ఇంకోడు లేడు. గోదావరిని ఒక చేత్తోని ఈదుకుంట, రెండో చేత్తోని సమోస తిన్నడు. ఈ ముచ్చట ప్రశాంతే చెప్పిండు, చాయ్ బండికాడ, నలుగురి ముందట.

ఆ వానకాలం ఒక పొద్దుగాల నాలా పొంగి నీళ్లు గడప దాటినయి. వాళ్ల నాయినమ్మ ఏసమ్మ బైబిలు సంచిల వెట్టుకునేసరికి గోదావరి వీరుడు కుర్చీ ఎక్కి నిలవడ్డడు. నీళ్లు ఇంకా మోకాళ్లకే ఉన్నయి.

"ఈత కొట్టు బిడ్డా" అన్నది ఏసమ్మ.

"గివి నాకు సరిపోవే నాయినమ్మా. నాకు లోతు కావాలె."

లోతు వచ్చింది. కుర్చీ తేలింది. ఇద్దరు తలుపు పట్టుకొని బయటవడి, ప్రహరి గోడ ఎక్కిన్రు. గల్లీ ఏరయింది. గ్యాస్ సిలిండర్లు, స్కూటీలు, ఒక బర్రె, అన్నీ హన్మకొండ బస్సు అందుకోవాలన్నట్టు ఉరుకుతున్నయి. కాళ్ల కింద గోడ కదులుతాంది. ప్రశాంత్ నోట్లె జోకు ఎండిపోయింది.

ఏసమ్మ కండ్లు మూసుకున్నది. "తండ్రీ, జర చెయ్యి అందియ్యి" అన్నది, పక్కింటోళ్లను చక్కెర అడిగినంత మామూలుగ.

చెయ్యి రాలే. ఎదురు మేడ మీదికెల్లి జంపఖానా వచ్చింది.

ఆ మేడ మీదున్న మగ్గం రాజవ్వ, వెంకటరాజం దంపతులది. ఏసమ్మ పోయే చర్చి కోసమే నేసిన్రు దాన్ని, ఎర్ర చారలది, జనం వరుసగ కూసునేటంత పొడుగు. నిన్ననే మగ్గం దిగింది. వెంకటరాజం ఒక కొస స్తంభానికి కట్టి, రెండోది కిందికి విసిరిండు.

"తెగుతదేమో" అన్నడు ప్రశాంత్.

"తడిస్తే నూలు ఇంకా గట్టిగైతది. కట్టుకోరా" అన్నది పైకెల్లి రాజవ్వ.

ఏసమ్మనే మనుమని నడుముకు, తన నడుముకు కలిపి ముడేసింది. గోడ కూలింది. ప్రశాంత్ రెండు చేతులు నాయినమ్మను కరుసుకున్నయి. ఇగ మిగిలింది నోరే. దాంతోని జంపఖానా అంచు కరిచి పట్టుకున్నడు. కింద నీళ్లు ఉరుముతున్నయి. ప్రార్థనకు కూసోనీకి నేసిన బట్టకు రెండు పానాలు వేలాడుతున్నయి. పైనున్నోళ్లు గుంజుతాంటే, తనకంటే పెద్దదేదో తనను పట్టుకున్నదని వానికి మొదటిసారి తెలిసింది. నవ్వు రాలే.

ఆదివారం చర్చిల ప్రశాంత్‌ను, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పుమన్నరు. ఉతికి ఆరేసిన అదే జంపఖానా మీద అందరు కూసున్నరు. ఏసమ్మ పిలిస్తే రాజవ్వ గూడ వచ్చింది. మైకు చేతికి రాంగనే ప్రశాంత్‌కు పాత పానం లేచొచ్చింది.

"ప్రభువు నా రెక్కలకు బలమిచ్చిండు. నాయినమ్మను భుజాల మీద ఎత్తుకొని ఆ ఏరు ఈదిన. నడుమ మొసలి అడ్డమొచ్చింది. నేను చూసిన, అది తప్పుకున్నది."

ఆడోళ్ల దిక్కు కూసున్న రాజవ్వ జంపఖానా అంచు ఒళ్లెకు గుంజుకున్నది.

"మరి గీ అంచు మొసలే కొరికిందా బిడ్డా? దానికి గూడ నీ లెక్కనే ముంగటి పన్ను వంకరున్నట్టున్నది."

అందరు వాని నోటి దిక్కు చూసిన్రు. ప్రశాంత్ నోరు మూసిండు. ఆ పన్ను మూసినా కనవడ్తది.

"సాక్ష్యమంటే చూసింది చెప్పుడురా" అన్నది ఏసమ్మ, మెల్లగ.

ప్రశాంత్ ఆ అంచు కాడనే మోకాళ్ల మీద కూసున్నడు.

"నేనే కొరికిన. నాకు ఈత రాదు. గోదావరిని రైలు కిటికీలకెల్లి చూసిన. సమోస తిన్నది మాత్రం నిజం. ముడి నాయినమ్మ వేసింది, గుంజింది రాజవ్వ, రాజం తాత. నాయినమ్మ దేవుణ్ణి చెయ్యి అడిగింది, వచ్చింది. దాన్ని నేను పండ్లతోని పట్టుకున్న. ఒక్క పోగు తెగలే."