చెక్కుకు లామినేషన్

మా మనవరాలు బ్లెస్సీ దోహాలో నర్సుగా చేరిన ఏడు, వానలు పడేలోగా ఇంటి కప్పుకు కొత్త రేకులు వేయించమని తన విజయవాడ ఖాతా మీద నా పేర చెక్కు రాసి, సెలవుకొచ్చే స్నేహితురాలి చేత పంపింది. అది అందింది శనివారం సాయంత్రం. అప్పటికే ఒక జల్లు పడింది, మా కప్పేమో జల్లెడ. చెక్కు తడిస్తే ఎలాగని ఆటోనగర్‌లో జిరాక్సు కొట్టుకు వెళ్లి, రేషను కార్డుకు చేయించినట్టే దానికీ లామినేషన్ చేయించాను.

సోమవారం బ్యాంకులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామ్మగారూ, దీని వెనక సంతకం ఎక్కడ పెడతారండీ?"

"ప్లాస్టిక్కు మీదే పెడతాను, పెన్నివ్వు బాబూ."

"చెల్లదండీ. ఒలిస్తే చెక్కే చిరిగిపోద్ది. ఇంకోటి రాయించుకు రండి."

దోహా నుంచి ఇంకోటి వచ్చేసరికి వానలు రానే వస్తాయి. గాభరాగా ఫోను బూత్‌కు వెళ్లి బ్లెస్సీకి చెప్పాను. అది పడీపడీ నవ్వింది.

"ఇక చెక్కులొద్దులే అమ్మమ్మా, ఇక్కడి నుంచే నీ ఖాతాలో వేయిస్తా. పాసుబుక్కు చూసి నంబరు చదువు. దానిక్కూడా లామినేషన్ చేయించేశావా?"

"చేయిద్దామనే పట్టుకెళ్లానే. మందంగా ఉందని ఆ కొట్టతను ఒప్పుకోలేదు."

వారం తిరక్కుండా డబ్బు పడింది. ఆ ఏటి పెద్దవాన కొత్త రేకుల మీద మోగుతుంటే, మంచం ఎటూ జరపకుండా హాయిగా పడుకున్నాను.