కోసేసిన పాఠం

దేశ రాజధానిలో, కరోల్ బాగ్‌లోని ఒక సివిల్స్ కోచింగ్ సెంటర్లో తెలుగు పిల్లలకు చరిత్ర చెప్పే లక్ష్మీపతిని, ఓనరు రఘువీర్ క్లాసు మధ్యలో పిలిపించి ఫోన్ చూపించాడు.

అందులో లక్ష్మీపతే మాట్లాడుతున్నాడు. సిసిలీని ఏలిన నియంత ఒక గ్రీకు చరిత్రకారుణ్ణి వెళ్లగొడితే, అతను ఏథెన్స్‌లో యాభై ఏళ్లు పరాయివాడిగా బతికి, ఆ నియంత దుర్మార్గాలన్నీ రాసిపెట్టాడని చెబుతున్నాడు. వీడియో అక్కడితో ఆగింది. ఇది ఈ ఏరియా నాయకుడి గురించేనని ఎవరో కింద హిందీలో రాశారు. అది లక్షల మందికి చేరింది.

నిజానికి పాఠం అక్కడ ఆగలేదు. పగతో రాసినవాడికి శత్రువు ధైర్యం కనబడదనీ, అలాంటి రాతను జాగ్రత్తగా చదవాలనీ లక్ష్మీపతి ఇంకో పావుగంట చెప్పాడు.

నాయకుడి మనుషులు బయల్దేరారనీ, ఈలోగా క్షమాపణ వీడియో తీయాలనీ రఘువీర్ అన్నాడు.

"ఆ గ్రీకాయన అబద్ధాలకోరు, నేను తప్పు చెప్పిన అనుండ్రి సార్. ఖతం."

"పక్షపాతం ఉందంటాను. అబద్ధాలకోరని ఎలా అంటానండీ?"

"పైన మూడొందల మంది పిల్లలున్నరు సార్."

లక్ష్మీపతి కెమెరా ముందు కూర్చున్నాడు. రఘువీర్ రాసిచ్చిన కాగితంలో తన పేరు చెప్పే మొదటి వాక్యం చదివాడు. క్షమాపణ ఉన్న రెండోది చదవలేదు. కాగితం పక్కన పెట్టి, ఆ పాఠాన్నే మళ్లీ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు.

అప్పటికే నాయకుడి మనుషులు ఆరుగురు మెట్లెక్కి వచ్చేశారు. రఘువీర్ ఆ వీడియో చూపించి, సార్ మాఫీ అడిగారని హిందీలో చెప్పాడు. వాళ్లకు తెలుగు రాదు. అందులో పెద్దవాడు లక్ష్మీపతి వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. పైన కుర్చీలు జరిపిన చప్పుడవుతోంది. లక్ష్మీపతి తల దించుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం పిల్లలంతా గదులకు చేరాక అతను ఉద్యోగానికి రాజీనామా పంపాడు. తాను పాఠం మొత్తం చెప్పిన ఆ వీడియోకు హిందీ అనువాదం జోడించి, తాను క్షమాపణ చెప్పలేదని రాసి, తన పేరు మీదే నెట్‌లో పెట్టాడు.

మర్నాడు పొద్దున నగరంలో ఇంకో మూల కటవారియా సరాయ్‌లోని అతని అద్దెగది తలుపు ఎవరో కొట్టారు. కాసేపాగి గడియ తీశాడు. ఎదురుగా అతని విద్యార్థిని హాసిని. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"ఆ ముక్క కోసి పెట్టింది నేనే సార్. పాఠం అంతా పెడితే ఎవరూ చూడరనుకున్నా."

అతనికి కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల వాచిన కళ్లు చూసి ఆగాడు.

"నీ పేరు వాళ్లకి తెలుసా?"

తెలియదని తల ఊపింది.

"అయితే ఇంకెవరికీ చెప్పకమ్మా. వెళ్లి చదువుకో."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి వెళ్లి, ఊరు వదిలిపోవడానికి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.