గోనా తాత కొయ్య

అడవి దారికి అడ్డంగా పడ్డ కొమ్మలు నరకాలి. బైనాక్యులర్లు తుడవాలి. నైరోబీ నుంచి పిట్టలు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కర్రపెండలం ఉడికించి మూట కట్టించాలి. సీసాలో కొబ్బరికల్లు నింపుకోవాలి. ఈ చివరి పని అవ్వ చెప్పింది.

న్యెవు అవ్వ మంచం దిగక చాలా రోజులైంది. "మీ తాత కల్లోకొచ్చి ఖాళీ చిప్ప చూపిస్తున్నాడు. ఆయన దాహం తీరితేగానీ నన్నొదలడు. కాలేజీ చదివినవాడివి, దారిలో నువ్వే తాగేయకు" అంది, వచ్చేవాళ్లని అడవికి తీసుకెళ్లే మనవడు చెంగోతో.

చనిపోయిన గోనా తాత కోసం చెక్కి నిలబెట్టిన కొయ్య అడవిలో, పాత ఇంటి దగ్గరే ఉంది. ఆయనకిచ్చే కల్లు దాని మొదట్లోనే పోయాలి. ఇల్లు రోడ్డు పక్కకు మారినా కొయ్యను పెకలించకూడదు. నాటినచోటే మట్టిలో కలవాలి. దొంగలు అలాంటివి పట్నంలో అమ్ముతున్నారని, తెచ్చేద్దామని నిరుడు చెంగో అంటే, "చచ్చినాయన్ని ఇల్లు మారమంటావా?" అని అవ్వ కసిరింది.

ముసురులో ఒక్క పిట్టా కనిపించలేదు. "పిట్టలు సెలవు పెట్టాయేంటి తమ్ముడూ? పాతకాలం ఆనవాళ్లైనా చూపించు" అని వచ్చినవాళ్లలో ముతోని అనే పంతులమ్మ ఎకసెక్కమాడింది.

పాత ఇంటి దగ్గర కొయ్య లేదు. పలుగుతో తవ్విన గుంట ఉంది, నిండా వాననీళ్లు.

"ఇక్కడేం చూడాలి?" అంది ముతోని.

"మా తాతని."

ఎవరూ నవ్వలేదు. చెంగో కల్లు గుంటలో పోశాడు. అది ఇంకలేదు. తెల్లగా నీళ్లమీదే తేలింది.

సాయంత్రం అవ్వ తల ఎత్తకుండానే అడిగింది: "తాగాడా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ చెంగో చెప్పలేకపోయాడు. "కొయ్య లేదవ్వా. ఎత్తుకుపోయారు."

"నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది" అంది అవ్వ. "ఎవరింట్లో పెట్టారో. వాళ్లకి ఆయన పేరన్నా తెలీదు గదరా. ఏమని పిలిచి పోస్తారు?"

"ఇంకోటి చెక్కిద్దాం అవ్వా."

"ఆయన అక్కడెక్కడో నిలబడి ఉంటే, ఇక్కడ ఎవరికి చెక్కిస్తావు?"

ఆ రాత్రి అవ్వ గంజి ముట్టలేదు. వానలు వెలిసేలోగా పోయింది.

ఏ ఊళ్లోనైనా, ఏ పెద్దింటి గోడ వారనైనా మనిషంత కొయ్య కనిపిస్తే చూడండి. గుండ్రటి తల, ఒళ్లంతా త్రికోణాల చెక్కడం ఉంటుంది. అతని పేరు గోనా వా రింబా. ఒక్కసారి ఆ పేరుతో పిలవండి. మరిచిపోకండి.